బోరు నీళ్లలో పెట్రోల్ వాసన వస్తే ఏ పరీక్ష చేయించాలి?

పోయిన నెల ఈ శీర్షికలో ఫ్లోరైడ్ గురించి రాస్తూ చివర్లో ఒక్క మాట అన్నాను. పెట్రోల్ బంకుల పక్కన ఉండే బోర్లకి ఇంకో రకం సమస్య ఉంటుంది, దాన్ని మామూలు నీటి పరీక్ష పట్టుకోలేదు అని. ఆ ఒక్క మాటకి వచ్చినన్ని ఉత్తరాలు ఫ్లోరైడ్‌కి కూడా రాలేదు. అందుకే ఈసారి మొత్తం దాని గురించే. పేర్లు తీసేశాను, కొన్ని ప్రశ్నలు కుదించాను.

ప్రశ్న: మేం అమెరికాలో న్యూజెర్సీ హంటర్‌డన్ కౌంటీలో ఉంటాం. మూడేళ్ల కిందట ఇల్లు కొన్నాం. ఇక్కడ ఊరి నీళ్లు రావు, సొంత బోరే. గుంటూరు నుంచి మా అత్తయ్యగారు వచ్చి రెండు వారాలైంది, వచ్చిన రోజే గ్లాసుడు నీళ్లు తాగి "ఇదేంటమ్మా, టర్పెంటైన్ వాసనొస్తోంది" అన్నారు. మాకెవరికీ రావట్లేదు. రోడ్డు చివర ఎప్పుడో మూసేసిన గ్యాస్ స్టేషన్ ఒకటి ఉంది. ఆఫీసులో ఒకాయన ఎంటీబీఈ అయ్యుంటుంది అన్నాడు. అదేంటి, ఎలా పరీక్ష చేయించాలి? ఇద్దరు చిన్నపిల్లలున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.
(ఒక పాఠకురాలు)

జవాబు: ముందు మీ అత్తయ్యగారి మాట నమ్మండమ్మా. రోజూ అదే నీళ్లు తాగేవాళ్ల ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది, కొత్తగా వచ్చినవాళ్లకే తెలుస్తుంది. అందులోనూ టర్పెంటైన్ లాంటి వాసన అన్నారంటే అది పట్టించుకోవాల్సిన విషయమే, ఎందుకంటే ఎంటీబీఈ వాసనని చాలామంది సరిగ్గా ఆ పోలికతోనే చెబుతారు.

ఎంటీబీఈ అంటే మిథైల్ టెర్షియరీ బ్యుటైల్ ఈథర్. పెట్రోల్‌లో సీసం తీసేస్తున్న రోజుల్లో, 1979 నుంచి అమెరికాలో దీన్ని కలపడం మొదలుపెట్టారు, ఇంజిన్ కొట్టుకోకుండా ఆక్టేన్ పెంచడానికి. 1990లో స్వచ్ఛమైన గాలి చట్టాన్ని సవరించి, పొగ ఎక్కువగా ఉన్న నగరాల్లో అమ్మే పెట్రోల్‌లో ఆక్సిజన్ ఉండే పదార్థం కలపాలన్నాక దీని వాడకం ఒక్కసారిగా పెరిగింది. కొన్నిచోట్ల పెట్రోల్‌లో నూటికి 11 పాళ్లు ఇదే ఉండేది. గాలికి మేలు చేద్దామని కలిపింది నీళ్లకి చేటైంది. పెట్రోల్‌లో మిగతావి నీళ్లలో అంత తేలిగ్గా కరగవు, మట్టికి కొంత అంటుకుంటాయి, బాక్టీరియా వాటిని మెల్లగా తినేస్తుంది. ఇది అలా కాదు. లీటరు నీళ్లలో 40 నుంచి 50 గ్రాముల దాకా కరుగుతుంది (పెట్రోల్‌లోనే ఉండే బెంజీన్ అయితే రెండు గ్రాముల లోపే), మట్టికి అంటుకోదు, బాక్టీరియా దీని జోలికి అంత త్వరగా పోదు. భూమిలో నీళ్లు ఎంత దూరం నడిస్తే ఇదీ వాటితోపాటే అంత దూరం నడుస్తుంది.

దీని వల్ల ఏం జరుగుతుందో 1996లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో అందరూ చూశారు. చార్నాక్, ఆర్కేడియా అని ఆ ఊరికి రెండు బోర్ల సముదాయాలుండేవి, ఊరి నీళ్లలో దాదాపు సగం అక్కడి నుంచే. రెండింటిలోనూ ఎంటీబీఈ బయటపడింది, చార్నాక్‌లో ఒక దశలో 610 పీపీబీ దాకా (పీపీబీ అంటే లీటరు నీళ్లలో ఒక మైక్రోగ్రాము). బోర్లు మూసేసి నీళ్లు బయట నుంచి కొనుక్కున్నారు. శుద్ధి ప్లాంటు కట్టి చార్నాక్ నీళ్లని మళ్లీ కుళాయిల్లోకి వదిలేసరికి 2010 వచ్చింది. ఒక్క ఊరికి పద్నాలుగేళ్లు! కాలిఫోర్నియా, న్యూయార్క్, కనెక్టికట్ రాష్ట్రాల్లో 2004 మొదట్లో నిషేధం అమల్లోకి వచ్చింది, 2006కల్లా అమెరికా అంతటా దాదాపుగా వాడకం ఆగిపోయింది. అయినా పాత ట్యాంకుల నుంచి అప్పట్లో భూమిలోకి దిగింది ఇంకా కొన్నిచోట్ల కదులుతూనే ఉంది. మూసేసిన గ్యాస్ స్టేషన్ అన్నారు చూడండి, అందుకే నాకు దాని మీదే అనుమానం. మూసి ఎన్నేళ్లయిందన్నది ఇక్కడ పెద్ద ఊరట కాదు.

ఇప్పుడు చేయాల్సింది. ఇల్లు కొన్నప్పటి కాగితాలు తీయండి. న్యూజెర్సీలో సొంత బోరున్న ఇల్లు అమ్మాలంటే నీటి పరీక్ష చేయించి తీరాలన్న చట్టం 2002 నుంచి అమల్లో ఉంది, ఆ పరీక్షలో ఆవిరయ్యే రసాయనాలు కూడా ఉంటాయి. కాబట్టి మూడేళ్ల కిందటి రిపోర్టు మీ ఫైల్లోనే ఉండాలి. అందులో ఎంటీబీఈ, బెంజీన్ వరసలు వెతకండి. అప్పుడు లేదని ఉంటే ఇప్పుడు కొత్తగా వచ్చిందేమో చూడాలి, అప్పుడే కొంచెం ఉంటే పెరిగిందేమో చూడాలి. ఆ పాత అంకె మీకు చాలా విలువైనది, దాన్ని పారేయొద్దు.

తర్వాత న్యూజెర్సీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ఫోన్ చేసి "నీళ్లు పరీక్ష చేయాలి" అని మాత్రం అనకండి, అలా అంటే బాక్టీరియా, నైట్రేట్ చూసి పంపిస్తారు. "తాగునీటిలో వోలటైల్ ఆర్గానిక్స్ కావాలి, ఈపీఏ 524 పద్ధతిలో, ఎంటీబీఈ కూడా రిపోర్టులో ఉండాలి" అని అడగండి (వోలటైల్ ఆర్గానిక్స్ అంటే ఆ ఆవిరయ్యే రసాయనాలే, ఈపీఏ అంటే అమెరికా పర్యావరణ సంస్థ). న్యూజెర్సీలో ఎంటీబీఈ పరిమితి 70 పీపీబీ, బెంజీన్‌కి 1 పీపీబీ. కాలిఫోర్నియాలో ఎంటీబీఈకి ఆరోగ్యం దృష్ట్యా 13, రుచీ వాసనల దృష్ట్యా 5. దేశం మొత్తానికీ కట్టుబడాల్సిన పరిమితి లేదు, 1997లో ఈపీఏ 20 నుంచి 40 మధ్య వాసన తెలుస్తుందని సలహా మాత్రం ఇచ్చింది. ముక్కు చురుకైనవాళ్లకి ఇంకా తక్కువలోనే తెలుస్తుంది.

ఇంకో సంగతి. మీ వైపు పాత ఇళ్లలో చలికాలం ఇల్లు వేడిచేసే ఆయిల్ కోసం పెరట్లో ట్యాంకు పాతిపెట్టేవాళ్లు. మీ పెరట్లో అలాంటిది ఉందేమో, ఉంటే తీసేశారో లేదో కూడా కనుక్కోండి. అది కారితే బోరులోకి వచ్చేది వేరే సరుకు, అందుకే ఆ సంగతి ల్యాబ్‌కి కూడా చెప్పాలి.

రిపోర్టు వచ్చేదాకా తాగడానికి, వంటకి, పిల్లల పాలలో కలపడానికి బయటి నీళ్లు వాడండి. వేడినీళ్ల స్నానాలు కాస్త తగ్గించి, బాత్రూమ్ ఫ్యాన్ వేసి ఉంచండి, ఎందుకంటే ఈ రసాయనాలు వేడికి గాల్లోకి లేచి ఊపిరితో లోపలికి పోతాయి. ఎంటీబీఈ క్యాన్సర్ కారకమని చెప్పడానికి ఆధారాలు చాలవని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదట్లో అంది, 2025లో మాత్రం దాన్ని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. బెంజీన్ సంగతి వేరు. అది రక్త క్యాన్సర్ తెస్తుందని ఎప్పుడో తేలిపోయింది. రెండూ ఒకే పెట్రోల్‌లోంచి వస్తాయి కాబట్టి ఎంటీబీఈ కనిపిస్తే బెంజీన్ కోసం కూడా వెతకాలి.

ప్రశ్న: మాది ఏలూరు దగ్గర పల్లె. ఇంటికి వంద అడుగుల్లో పెట్రోల్ బంకు పెట్టి చాలా ఏళ్లయింది. ఈ వానలకి ముందు నుంచి బోరు నీళ్లు పొద్దున్నే మోటారు వేయగానే కిరసనాయిల్ వాసన కొడుతున్నాయి, బకెట్లో పైన రంగురంగుల పొర తేలుతోంది. టౌన్లో పరీక్ష చేయించాను. టీడీఎస్ 480, పీహెచ్ 7.4, హార్డ్‌నెస్ మామూలే, అన్నీ బాగున్నాయి తాగొచ్చు అన్నారు. మరి వాసనెందుకు?
(ఒక రైతు)

జవాబు: అన్నా, మీకు ఇచ్చిన రిపోర్టు తప్పు కాదు. వాళ్లు వెతికినవి వాళ్లకి దొరికాయి, పెట్రోల్‌ని మాత్రం వాళ్లు వెతకనే లేదు. టీడీఎస్ మీటరు నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి దాన్ని బట్టి ఉప్పుల లెక్క చెబుతుంది. బెంజీన్ ఉప్పు కాదు, కరెంటుని మోయదు. మంచినీళ్లలో నాలుగు చుక్కల పెట్రోల్ కలిపి మీటరు పెట్టినా అంకె కదలదు. పల్లెల్లో నీటి పరీక్షకి ఇచ్చే కిట్లు కూడా ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, క్లోరిన్, బాక్టీరియా లాంటి వాటికే. వాటి పని అవి బాగానే చేస్తాయి. చివరికి మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో మినరల్ ఆయిల్ ఉంది, పాలీ న్యూక్లియర్ హైడ్రోకార్బన్లు ఉన్నాయి, బెంజీన్ పేరు మాత్రం ఆ పట్టికల్లో లేదు. అందుకని "ఐఎస్ 10500 మొత్తం చేయించాను" అన్నా కూడా బెంజీన్ చూసినట్టు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు, అమెరికాలో 5.

ముందు ఇంట్లోనే ఒక చిన్న పని చేయండి. ఆ రంగుల పొరని పుల్లతో కదపండి. పెంకుల్లా ముక్కలై విడివిడిగా ఉండిపోతే అది ఇనుము తినే బాక్టీరియా కట్టిన పొర, దానితో పెద్ద ప్రమాదం లేదు. పుల్ల తీయగానే మళ్లీ కలిసిపోతే అది నూనె. మీకు వాసన కూడా ఉంది కాబట్టి నూనె అయ్యే అవకాశమే ఎక్కువ, అయినా చూడండి, ఫిర్యాదులో రాయడానికి పనికొస్తుంది.

ఇక అసలు పరీక్ష. ఎన్ఏబీఎల్ (మన దేశంలో ల్యాబులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ కావాలి, ఆ గుర్తింపు కూడా ఈ పరీక్షకే ఉందో లేదో అడగాలి, ఎందుకంటే గుర్తింపు ఒక్కో పరీక్షకి విడివిడిగా ఇస్తారు. అడగాల్సిన మాట: "నీళ్లలో బీటీఈఎక్స్, జీసీ-ఎంఎస్ మీద". బెంజీన్, టోలుయిన్, ఇథైల్ బెంజీన్, జైలీన్, ఈ నాలుగింటికీ కలిపి బీటీఈఎక్స్ అని పేరు, జీసీ-ఎంఎస్ అంటే వాటిని విడదీసి కొలిచే యంత్రం. దాంతోపాటు ఎంటీబీఈ కూడా చేయమనండి, మన దేశంలో అది నిషేధం కాదు, పెట్రోల్ ప్రమాణాల్లో ఈథర్లకి చోటుంది. ఇప్పుడు మన పెట్రోల్‌లో ఇథనాల్ నూటికి 20 పాళ్ల దాకా వచ్చింది కదా, దానివల్ల ఇంకో చిక్కుంది. పెట్రోల్ భూమిలోకి కారినప్పుడు అక్కడి బాక్టీరియా ముందు తేలిగ్గా అరిగే ఇథనాల్‌ని తింటుంది, ఉన్న ఆక్సిజన్ అంతా దానికే ఖర్చయిపోతుంది, బెంజీన్ అరగకుండా మిగిలి ఇంకొంచెం దూరం పోతుంది. ఇథనాల్ మంచిదే కదా అని ఈ విషయంలో ధీమాగా ఉండటానికి లేదు.

నీళ్లు పట్టే పద్ధతి గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే పరీక్ష పాడయ్యేది ల్యాబ్‌లో కంటే ఇక్కడే ఎక్కువ. నేను ల్యాబ్‌లో చేరిన మొదటి ఏడాది ఒకాయన పాత కూల్‌డ్రింక్ బాటిల్లో, సగం దాకా నీళ్లు పట్టుకుని, ఎండలో బస్సులో వచ్చి ఇచ్చాడు. నేను తీసుకున్నాను. పరీక్ష చేశాం, ఏమీ లేదని వచ్చింది, రిపోర్టు మీద సంతకం నాదే. కొన్ని నెలలకి అదే బోరు నుంచి సరైన పద్ధతిలో పట్టి తెస్తే బెంజీన్ స్పష్టంగా ఉంది. మధ్యలో ఆ నెలలన్నీ ఆ ఇంటివాళ్లు ఆ రిపోర్టు నమ్మి ఆ నీళ్లే తాగారు. ఆరోజు నుంచి ప్లాస్టిక్ బాటిల్లో తెచ్చిన నీళ్లని నేను ఈ పరీక్షకి ముట్టుకోలేదు.

ల్యాబ్‌ వాళ్లే 40 మిల్లీలీటర్ల గాజు సీసాలు ఇవ్వాలి, మూతలో టెఫ్లాన్ పొర ఉంటుంది. అడుగున నాలుగు చుక్కల ఆసిడ్ ఉంటుంది, బాక్టీరియా బెంజీన్‌ని తినేయకుండా, దాన్ని కడిగేయకండి. మేడ మీద ట్యాంకులోంచి పట్టొద్దు, అక్కడికి చేరేసరికి సగం ఆవిరైపోతుంది. బోరు దగ్గరే పైపు నుంచి పట్టండి. మోటారు పావుగంట, ఇరవై నిమిషాలు నడిపాక, ధార సన్నగా పెట్టి, సీసా కాస్త వంచి, బుడగలు రాకుండా అంచు దాకా నింపండి. నీళ్లు అంచు మీద ఉబ్బెత్తుగా నిలవాలి, అప్పుడు మూత బిగించి సీసా తలకిందులు చేసి వేలితో తట్టి చూడండి. ఒక్క బుడగ కనిపించినా అది పనికిరాదు, ఇంకోటి పట్టండి, ఎందుకంటే ఆ బుడగలోకే బెంజీన్ చేరిపోతుంది. కనీసం రెండు సీసాలు. పట్టేటప్పుడు పక్కన బండి, జనరేటరు ఆన్‌లో ఉండకూడదు, అంతకుముందే బండిలో పెట్రోల్ పోయించుకున్న చేతులతో పట్టకూడదు. సీసాలు ఐసు పెట్టెలో పెట్టి, వీలైతే ఆరోజే చేర్చండి, పద్నాలుగు రోజుల్లోపు పరీక్ష అయిపోవాలి. ల్యాబ్ వాళ్లు మంచినీళ్లు నింపిన సీసా ఒకటి మీతోపాటు పంపిస్తారు. దాన్ని తెరవకుండా పెట్టెలోనే తిరిగి ఇవ్వండి, దారిలో పెట్రోల్ ఆవిరి సీసాల్లోకి దూరిందా లేదా అన్నది అదే చెబుతుంది. అలాంటి సీసా అక్కర్లేదన్న ల్యాబ్ మీద నాకు నమ్మకం తక్కువ.

రిపోర్టులో బెంజీన్ వస్తే దాన్ని జత చేసి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, పెట్రోల్ నిల్వకి లైసెన్సు ఇచ్చే పెసో సంస్థకి, ఆ బంకుకి పెట్రోల్ పంపే కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ కూడా. ప్రతిదానికీ రసీదు తీసుకోండి. కొత్త బంకులు ఇళ్లకి, బడులకి, ఆసుపత్రులకి 50 మీటర్ల లోపు పెట్టకూడదని, తప్పనిసరైతే అదనపు జాగ్రత్తలతోనైనా 30 మీటర్ల కంటే దగ్గరకి రాకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో చెప్పింది. మీది పాత బంకు కాబట్టి ఆ మాట మీ కేసులో నేరుగా పట్టదు, కానీ వంద అడుగులంటే సుమారు 30 మీటర్లే, ఆ దూరం అర్జీలో రాయండి. 2013లో చెన్నై తండయార్‌పేటలో బోర్లలో ఇలాగే ఆయిల్ వస్తే, భూమిలో వెళ్లే పైపులైను కారిందని తేలి విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అక్కడా మొదట కనిపెట్టింది ఇళ్లలో బిందెలు నింపుకునే జనమే.

ఒక మాట మరిచిపోవద్దు. మీ ఊళ్లో పాత నుయ్యి ఏదైనా ఉండి అందులోనూ ఈ వాసన వస్తుంటే, పూడిక తీయడానికని ఎవర్నీ దిగనివ్వకండి. లోపల నిండిన ఆవిరికి మనిషి స్పృహ తప్పుతాడు, నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. మోటారు స్విచ్ కూడా నూతికి దూరంగా ఉండాలి.

ప్రశ్న: నీళ్లు మరిగిస్తే పోదా? మా ఇంట్లో ఆర్వో కూడా ఉంది.
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. బెంజీన్ నీళ్లలోంచి లేచి మీ వంటగది గాల్లోకి వస్తుంది, అక్కడ నిలబడి మరిగించేది మీరే కాబట్టి దాన్ని పీల్చేదీ మీరే. మూత పెట్టి మరిగిస్తే మళ్లీ కొంత నీళ్లలోకే కారుతుంది. నూనె పొర కనిపించే నీళ్లని పొయ్యి మీద అసలు పెట్టకండి.

ఆర్వోలో పొర ఉప్పుల కోసం చేసింది. బెంజీన్, ఎంటీబీఈ లాంటి చిన్న అణువులు దాన్ని కొంత దాటేస్తాయి. దాని ముందున్న బొగ్గు క్యాండిల్ బెంజీన్‌ని బాగానే పట్టుకుంటుంది, కానీ ఎప్పుడు నిండిపోయిందో చెప్పే దీపం ఏదీ ఉండదు, నిండాక వచ్చింది వచ్చినట్టే దాటిపోతుంది. ఎంటీబీఈకైతే బొగ్గు ఇంకా చాలా ఎక్కువ కావాలి. అమెరికాలో ఉన్నవాళ్లు ఎన్ఎస్ఎఫ్ 53 అనే ఫిల్టర్ల ప్రమాణం గుర్తు ఉండి, ఆవిరయ్యే రసాయనాలకి అని స్పష్టంగా రాసి ఉన్న ఫిల్టర్ చూసుకోవచ్చు. ఇక్కడ మాత్రం, పరీక్షలో బెంజీన్ వచ్చిందంటే ఆ బోరు నీళ్లు తాగడం ఆపేయండి, ఫిల్టర్ల మీద డబ్బు పెట్టకండి.

ప్రశ్న: మా రిపోర్టులో బెంజీన్ దగ్గర "ఎన్‌డీ" అని ఉంది. అంటే అస్సలు లేదనా? ఇంకా ఈ పీపీబీ ఎంత చిన్నదో అర్థం కావట్లేదు, అంత కొంచెం దానికి భయపడాలా?
(డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: మంచి ప్రశ్న. ఎన్‌డీ అంటే కనిపించలేదని, అంటే ఆ ల్యాబ్ మిషన్ చూడగలిగినంతలో లేదని. ఎంత దాకా చూడగలదో పక్కన రాసి ఉండాలి. 0.5 పీపీబీ దాకా చూసి ఎన్‌డీ అంటే నిశ్చింతగా ఉండొచ్చు. 50 దాకానే చూసి ఎన్‌డీ అంటే దానికి విలువ లేదు, ఎందుకంటే పరిమితే 10. ఆ అంకె రాయకపోతే ఫోన్ చేసి అడుగు, చెప్పకపోతే డబ్బు వెనక్కి అడుగు.

పీపీబీ అంటే లీటరు నీళ్లలో ఒక మైక్రోగ్రాము. మనకి తెలిసిన లెక్కలో చెబుతాను. ఎండాకాలం వీధిలోకొచ్చే 10,000 లీటర్ల ట్యాంకరు ఊహించుకో. అందులో ఒక్క చుక్క పెట్రోల్ వేస్తే మొత్తం పెట్రోల్ లెక్కన దాదాపు 4 పీపీబీ. ఇప్పుడు బీఎస్-6 పెట్రోల్‌లో బెంజీన్ నూటికి ఒక పాలు మించకూడదు. ఆ ఒక్క పాలు ఉందనుకుని లీటరు పెట్రోల్ లెక్క వేస్తే, అందులో బెంజీన్ 9 గ్రాములకి కాస్త తక్కువ. అదంతా నీళ్లలో కలిస్తే సుమారు 88 ట్యాంకర్లు సరిగ్గా 10 పీపీబీ అంచుకి వస్తాయి. అప్పట్లో అమెరికాలో 11 పాళ్లు ఎంటీబీఈ ఉన్న లీటరు పెట్రోల్‌కి ఇదే లెక్క వేస్తే, కాలిఫోర్నియా పరిమితి 13 దగ్గరికి తేవడానికి 600 ట్యాంకర్ల పైన. ఇది కాగితం మీద లెక్కే, భూమిలో అంతా సమానంగా కలవదు. అయినా రోజుకి ఒక లీటరు కారే పైపు ఎంత పని చేయగలదో దీన్ని బట్టి తెలుస్తుంది.

వాసన గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎంటీబీఈ న్యూజెర్సీ పరిమితి 70 దాటేలోపే చాలామందికి వాసన తెలుస్తుంది. బెంజీన్ అలా కాదు, నాలుకకి తెలియాలంటే లీటరుకి కనీసం 500 మైక్రోగ్రాములు ఉండాలి, అంటే పరిమితికి యాభై రెట్లు. వాసన రావట్లేదు కాబట్టి బెంజీన్ లేదనుకోవడం కుదరదు. బంకు పక్కన బోరున్నవాళ్లు వాసన వచ్చేదాకా ఆగకూడదని నేను పదేపదే అనేది అందుకే.

ప్రశ్న: మేం శాన్ హొసేలో అపార్ట్‌మెంట్లో ఉంటాం, కార్పొరేషన్ నీళ్లే. మేమూ చేయించుకోవాలా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: అక్కర్లేదు. మీకు నీళ్లిచ్చే సంస్థ ఈ పరీక్షలు చేసి ఏటా జులై 1 లోపు రిపోర్టు ఇవ్వాలి, అందులో చూసుకోండి. సొంత బోరు ఉన్నవాళ్లకే ఎవరూ చేసిపెట్టరు, అక్కడి ఫెడరల్ తాగునీటి చట్టం ఇంటి బోర్ల జోలికి రాదు. అయితే మీ వీధిలో ఎక్కడైనా పెట్రోల్ కారి మట్టిలో ఇంకితే మాత్రం అడగండి, బెంజీన్ ప్లాస్టిక్ పైపు గోడలోంచి కూడా లోపలికి ఊరగలదు. పక్కనే అడవి మంటలు వచ్చినా అంతే. 2018లో కాలిఫోర్నియాలోనే ప్యారడైజ్ అనే ఊరు కాలిపోయాక అక్కడి పైపుల్లో బెంజీన్ బయటపడింది.

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో బంకు డీలర్‌ని. మీరు రాసిన ఆ ఒక్క మాట చదివి నిద్ర పట్టలేదు. మా ట్యాంకులు పాతవి. వాన పడ్డాక ట్యాంకులో కొంచెం నీళ్లు కనిపిస్తున్నాయి. కారుతోందని ఎలా తెలుసుకోవాలి? బయటికి చెబితే వ్యాపారం పోతుందని భయం.

జవాబు: అడిగినందుకు మీకు నిజంగా కృతజ్ఞతలు. నాకు తెలిసి డీలర్ల నుంచి ఈ ప్రశ్న రావడం ఇదే మొదలు.

మీరు చెప్పిన గుర్తే ముఖ్యమైనది. రోజూ ట్యాంకు మట్టం చూసే డిప్ రాడ్‌కి, నీళ్లు తగిలితే రంగు మారే పేస్ట్ రాసి చూస్తారు కదా, వాన తర్వాత నీళ్లు పెరుగుతున్నాయంటే పైన మూత దగ్గర నుంచైనా దిగాలి, ట్యాంకుకో పైపుకో చిల్లైనా ఉండాలి. ముందు మూత, గుంట చూడండి. అక్కడ బాగుంటే చిల్లు అనుకోవాలి. నీళ్లు లోపలికి వచ్చే చిల్లులోంచి, భూమిలో నీటిమట్టం తగ్గిన రోజుల్లో పెట్రోల్ బయటికి పోతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో నీళ్లు చేరితే ఇథనాల్ పెట్రోల్‌ని వదిలి నీళ్లతో అడుక్కి దిగిపోతుంది. అప్పుడు బండ్లు ఆగిపోయి ఎలాగూ మీ దగ్గరకే గొడవకి వస్తారు. స్టాకు లెక్కల్లో ఆవిరికి పోయేదానికంటే ఎక్కువ తేడా నెలల తరబడి ఒకే వైపు, అంటే తక్కువ వైపే, వస్తోందా అన్నది చూడండి. ఎండాకాలం, వానాకాలం విడివిడిగా రాసుకోండి.

అలా వస్తుంటే ఆ ట్యాంకులోంచి అమ్మకం ఆపి, కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి ట్యాంకుకి, పైపులకి ప్రెషర్ టెస్ట్ అడగండి. ట్యాంకు వాళ్లదైతే బాధ్యత కూడా వాళ్ల మీద ఉంటుంది, కానీ చెప్పిన తేదీతో మీ దగ్గర కాగితం ఉండాలి. అమెరికాలో భూమిలోని ట్యాంకులు, పైపుల నుంచి ఇంధనం కారినట్టు తేలిన చోట్లు ఐదు లక్షల పైనే. 1998 డిసెంబర్ 22 లోపు పాత ట్యాంకులన్నీ బాగుచేయాలి లేదా మూసేయాలి అని అక్కడ గడువు పెట్టాల్సి వచ్చింది. ఇనుప ట్యాంకు భూమిలో ఎన్నో ఏళ్లు ఉంటే తుప్పు పడుతుంది, అందులో మీ తప్పేం లేదు. తెలిశాక చెప్పకపోతే మాత్రం అది మీ తప్పు అవుతుంది.

వ్యాపారం గురించి అడిగారు. బంకు చుట్టుపక్కల ఎన్ని ఇళ్లకి బోర్లున్నాయో మీకే బాగా తెలుసు. ప్రెషర్ టెస్ట్ ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే వెళ్లి వాళ్లకి చెప్పండి, ప్రస్తుతానికి తాగడానికి ఆ నీళ్లు వాడొద్దని. వీలైతే క్యాన్లు మీరే వేయించండి. పైన ఏలూరు రైతుకి చెప్పిన పద్ధతిలో వాళ్ల బోర్ల నీళ్లు పట్టించి బీటీఈఎక్స్, ఎంటీబీఈ పరీక్ష మీ ఖర్చుతో చేయించండి, రిపోర్టు కాపీ ఇంటింటికీ ఇవ్వండి. సీసాలు బంకు ఆవరణలో నింపొద్దు, ఐసు పెట్టె మీ బంకు గదిలో పెట్టొద్దు, మీ కుర్రాళ్ల చేతులతో పట్టించొద్దు. ల్యాబ్ మనిషినే రమ్మనండి.